సాగరము నావలినుండి వచ్చిన లేఖలు



నేడు నేను మాటలాడబూనిన విషయము చరిత్రయే యైనను, అందు రాజుల వంశావళి లేదు, యుద్ధముల పట్టిక లేదు. ఒక ఆంగ్లేయుడు తాను పుట్టిన దేశమును విడిచి అమెరికాకు బోయి, అచటనే కాపురముండి, ఆ దేశపు రాజకీయములను, ఆ జనుల తిండితీర్థములను, పండుగపబ్బములను వారమున కొకమాఱు రేడియోలో లోకమునకు వినిపించుచు 58 ఏండ్లు గడపెను. ఆయన పేరు ఆలిస్టెయిర్ కుక్. ఆ ప్రసంగములకు ‘అమెరికా నుండి లేఖ’ యని పేరు. 1946వ సంవత్సరము మార్చి 24వ తేదీన మొదలైన ఆ లేఖలు 2004వ సంవత్సరము ఫిబ్రవరి వఱకు సాగినవి. మొత్తము 2,869 లేఖలు. ఒక్క మనుష్యుడు ఒక్క విధమైన ప్రసంగమును ఇంతకాలము నడపుట రేడియో చరిత్రలో మిక్కిలి అరుదు.

ఆయనతో నాకు ముఖపరిచయము లేదు, చెవిపరిచయము మాత్రమే. నేను బాల్యమున అమరమును, రఘువంశమును, బాలవ్యాకరణమును వల్లించినవాడను. ఆంగ్లము నాకు ఆలస్యముగా నబ్బిన భాష. ఒక పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పుచుండిన దినములలో, 1985 ప్రాంతమున, ఆంగ్లపు పలుకుబడి చెవికి బట్టింపవలెనని జీతపు డబ్బు కూడబెట్టి ఒక ట్రాన్సిస్టరు కొంటిని. ఆ దినములలో లండను కేంద్రమును పట్టుట యన్నచో చిన్నపాటి తపస్సు. ముల్లు వెండ్రుకవాసి జరిగినచో గొంతు మాయమై, ఈలయు గురగురయు మిగులును. పెరటిలోని కొబ్బరిచెట్టునకు రాగితీగ కట్టి, దాని కొసను రేడియోకు తగిలించి, వారాంతమున ఆ ముసలి గొంతుకై కాచుకొని కూర్చుండెడివాడను.

మా యెదురింటి యరుగుపై ఒక వృద్ధరైతు కూర్చుండెడివాడు. ఆయనకు ఆంగ్లము రాదు. కాని లోకము మీద ఆసక్తి మెండు. ప్రసంగము ముగియగానే, “ఏం పంతులుగారూ, మీ దొర ఈ వారం ఏమన్నాడు?” అని యడుగును. నేను నాకర్థమైనంత చెప్పుదును. ఒకనాడు ఆయన, “ఇంతకీ ఆ దొరది ఏ దేశమండీ? అమెరికావాళ్ళను చూసి నవ్వుతాడు గాని తిట్టడు. పొగిడినట్టే ఉంటుంది గాని పొగడడు” అనెను. ఇంగ్లండున బుట్టి అమెరికాలో స్థిరపడినవాడని చెప్పితిని. ఆయన క్షణమాలోచించి, “అయితే కోడలన్నమాట!” అనెను.

నేను చదివిన విమర్శగ్రంథములలో నింతకంటె పొందికైన మాట దొరకలేదు. ఇంటి ఆడపడుచునకు ఆ యింటి వంకర కనబడదు. అది ఆమె పుట్టుకతో వచ్చినది. చుట్టపుచూపుగా వచ్చినవానికి చావడి తప్ప వంటయిల్లు తెలియదు. కోడలికి రెండును తెలియును. ఏ కుండ చిల్లిదో ఆమె యెఱుగును. ఆ కుండతోనే ఆమె నీరు తేవలెను. కుక్కుగారి జీవితమును నేనీ కన్నుతోనే చూచుచున్నాను.

ఆయన 1908వ సంవత్సరము నవంబరు 20వ తేదీన మాంచెస్టరు నగరము నానుకొనియున్న సాల్ఫర్డులో జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఆల్ఫ్రెడు. ఆలిస్టెయిర్ అనునది ఇరువదిరెండవ యేట తానే పెట్టుకొన్నది. తండ్రి లోహపు పనివాడు, తీరిక వేళల మెథడిస్టు మతబోధకుడు. తరువాత కుటుంబము సముద్రతీరమున నున్న బ్లాక్‌పూలు పట్టణమునకు మారగా, తల్లి అచట యాత్రికులకు బస యిచ్చు ఇల్లు నడపెను. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా 1917లో చేరిన పిదప, అమెరికను సైనికులు కొందఱు ఆ యింటనే బసచేసిరి. కనుక ఎనిమిది తొమ్మిదేండ్ల ఆ బాలునకు అమెరికా యనగా పటములోని రంగుముక్క కాదు. తమ యింటి మెట్లపై బూట్ల చప్పుడు చేసిన మనుష్యులు.

కేంబ్రిడ్జిలో చదువు ముగించి, నాటకప్రయోక్త కావలెనను కోరికతో, 1932లో ఒక విద్యార్థివేతనము సంపాదించి ఆయన అమెరికా చేరెను. మొదట యేలు విశ్వవిద్యాలయము, పిమ్మట హార్వర్డు. ఆ వేతనమున కొక మంచి నియమము కలదు: వేసవిలో దేశమంతయు తిరిగి చూడవలెను. ఈ నియమమును బెట్టినవా రెవ్వరో గాని వారికి నేను చేయెత్తి మ్రొక్కెదను. మన విద్యార్థులకు గూడ పరీక్షకు ముందు పది యూళ్ళు తిరుగుమని నియమమున్నచో ఎంత బాగుండును!

ఆయన తిరిగిన కాలమెట్టిదో తలచుకొనుడు. 1929లో వాణిజ్యము కూలినది. 1933 నాటికి పనిచేయగలవారిలో నలుగురిలో నొకనికి పని లేదు. మద్యనిషేధ చట్టము ఇంకను పేరునకు నిలిచియున్నది. 1920లో అమలునకు వచ్చిన ఆ చట్టము 1933 డిసెంబరులో గాని చావలేదు. 1933 మార్చి 4వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షపదవి నధిష్ఠించు నాటికి దేశమందలి బ్యాంకులలో హెచ్చుభాగము తలుపులు మూసికొనియున్నవి. అట్టి దినములలో కారులో ఖండమును దాటుచు ఆయన మైదానములను, ఎడారులను, వానిలో బ్రదుకుచున్న జనులను చూచెను. రంగస్థలముపై తాను చూచిన ఏ నాటకమును ఇంత రక్తి కట్టలేదని ఆయనకు తోచెను. నాటకము వెనుకకు పోయినది. దేశము ముందునకు వచ్చినది.

ఆ ప్రయాణముననే హాలీవుడ్డులో చార్లీ చాప్లిను స్నేహము కలిగెను. 1934లో కుక్ వివాహమునకు తోడిపెండ్లికొడుకుగా నిలిచెదనని చాప్లిను మాట యిచ్చి, తీరా పెండ్లినాడు రాలేదు. లోకమును నవ్వించువారిని నమ్మి ముహూర్తము పెట్టుకొనరాదు కాబోలు.

హార్వర్డున ఆయన చదివినది అమెరికను ఆంగ్లభాష యొక్క చరిత్ర. పలుకుబడులయందలి భేదము ఆయన చెవికి చిక్కిన దచటనే. అదే కాలమున అదే విశ్వవిద్యాలయమున మఱియొక పరదేశి యుండెను. ఆయన మనవాడు. ఆ ప్రసంగము ముందు వచ్చును.

1934లో లండను రేడియోలో చలనచిత్రవిమర్శకుని పని ఖాళీ యైనదని పత్రికలో చదివి, తంతి యిచ్చి, స్వదేశమునకు బోయి ఆ యుద్యోగమును సంపాదించెను. విచిత్రమేమనగా, ఆయన రేడియో లేఖలు మొదట నడచినది ఎదురుదిక్కున. లండనునుండి అమెరికాకు, ఒక అమెరికను సంస్థ తరఫున, ఇంగ్లండు సంగతులు చెప్పుచుండెను. 1936 డిసెంబరులో ఎడ్వర్డు చక్రవర్తి ప్రేమకొఱకు సింహాసనము విడిచినపుడు, ఆ కథను దినదినము అమెరికాకు వినిపించినవాడు ఈయనయే. పుట్టింటి రచ్చను అత్తింటికి చెప్పిన యనుభవము ముందు కలిగినది. అత్తింటి ముచ్చట పుట్టింటికి చెప్పుట తరువాత వచ్చినది. 1937లో మరల అమెరికా చేరి ఆయన అచటనే నిలిచిపోయెను.

1941 డిసెంబరు 1వ తేదీన అమెరికా పౌరసత్వమును స్వీకరించెను. ఆఱు దినములకు, 7వ తేదీన, జపానువారు పెర్లు హార్బరుపై బాంబులు వేసిరి. లండను నగరము అప్పటికే బాంబులకు బూడిదయై యున్నది. తల్లిదేశము ప్రాణసంకటమున నున్న వేళ పరదేశపు పౌరుడగుట ఇంగ్లండున కొందఱికి రుచింపలేదు. ఈ విషయమున నాకును మనస్సు రెండు విధములుగా లాగును. ప్రాణభీతిచే విడువలేదనుట నిజము. ఆయన 1937 నుండియు అచటివాడే. అయినను, ఇల్లు కాలుచుండగా పొరుగూర పేరు నమోదు చేయించుకొన్న కుమారుని చూచి తల్లి కన్ను చెమర్చదని నేననజాలను. ఆయన జీవితమంతయు రెండు దేశముల నడుమ లేఖలు వ్రాయుచు గడపుటకు ఈ ఋణభారము కూడ నొక కారణమై యుండునేమో.

యుద్ధము ముగిసెను. 1946లో కుక్ ఇంగ్లండును చూచి క్వీన్ మేరీ యను నోడలో న్యూయార్కునకు తిరిగి వచ్చుచుండగా, ఆ యోడ నిండ నూతనవధువులు! యుద్ధకాలమున ఇంగ్లండున నుండిన అమెరికను సైనికులను వివాహమాడిన ఆంగ్లయువతులు భర్తలను చేరుటకు పోవుచున్నారు. రొట్టెను, మాంసమును, బట్టను తూచి పంచుకొను దేశమునుండి, అన్నియు కొల్లగా నుండు దేశమునకు బయలుదేరిన కోడండ్రు. కుక్ తన మొదటి లేఖలో చెప్పినది ఈ ప్రయాణమును గూర్చియే. మా యెదురింటి రైతు ఈ సంగతి యెఱుగడు. ఎఱుగకయే ఆయన నోట ఆ మాట వచ్చినది. ఆ లేఖలను 13 వారములు నడపుటకు మాత్రమే లండను కేంద్రమువారు ఏర్పాటు చేసిరి. పదుమూడు వారములు ఏబది యెనిమిదేండ్లైనవి!

ఆయన ప్రసంగ పద్ధతిని గూర్చి ఒక మాట. మన పురాణకాలక్షేపములు విన్నవారి కది క్రొత్త కాదు. పౌరాణికుడు గజేంద్రుని కథ నారంభించి, నడుమ తన మేనమామ ఏనుగు నెక్కి పడిన పిట్టకథ చెప్పి, మనము దారి తప్పినదనుకొను వేళకు చటుక్కున మడుగులోని మొసలికడకు తెచ్చును గదా. కుక్ సైతము న్యూయార్కున మంచు కురియుటతోనో, ఆకులు ఎఱ్ఱబారుటతోనో ఆరంభించి, ఒక దుకాణదారుని మాట చెప్పి, కడకు రాష్ట్రపతి విధానమును గూర్చిన క్లిష్టమైన ముడి దగ్గఱకు చేర్చును. అప్పటికి ఆ ముడి సగము విడియే యుండును. ఆయన తన ప్రసంగమును తానే టైపు యంత్రముపై కొట్టుకొనెడివాడు. కాని చదువుచున్నట్లుండదు, ఎదుట కూర్చుండి మాటలాడుచున్నట్లుండును. వ్రాతలో మాట వినబడునట్లు వ్రాయుట ఎంత కష్టమో, ఈ కాగితము చేతబట్టుకొని మీ ముందు తడబడుచున్న నాకు నేడు తెలిసివచ్చినది.

ఇట్టి చిన్న వాకిళ్ళ గుండ నడచినచో ఆ దేశపు రాజకీయము మన రచ్చబండకు దూరమైనది కాదు. రెండు ఉదాహరణములు చెప్పెదను. అమెరికాలో ఎన్నిక నవంబరు నెలలో, మొదటి సోమవారము తరువాతి మంగళవారమున జరుగును. 1845లో చేసిన చట్టమిది. ఏల మంగళవారము? నాడు వారిలో హెచ్చుమంది రైతులు. నవంబరు నాటికి కోతలు ముగియును, చలి ముదరదు. ఆదివారము ప్రార్థన, బండి కట్టుకొని జిల్లా పట్టణము చేరుట కొక దినము, బుధవారము అనేక చోట్ల సంత. కనుక మంగళవారము! గుఱ్ఱపుబండ్లు పోయినవి, సంతలు పోయినవి, రైతులు నూటికి ఒకరిద్దఱైనారు. మంగళవారము మాత్రము కదలలేదు. నేటికిని ఆ దినము దేశమంతటికి సెలవు కాదు; పనికి పోవుచునో, పనినుండి వచ్చుచునో ఓటు వేయవలెను. మన మొకప్పుడు శుభకార్యములకు మంగళవారము పనికిరాదనుచున్నామే, వారు రాజ్యాభిషేకమునకే ఆ దినమును బెట్టుకొన్నారు.

రెండవది వారి కృతజ్ఞతార్పణ పర్వము. పంట యింటికి వచ్చిన సంతోషమున నవంబరు నెల గురువారమున చేసికొను విందు. నెలలో చివరి గురువారమున చేయుట వాడుక. 1939లో ఆ నెలకు ఐదు గురువారములు వచ్చెను. పండుగ ఆలస్యమైనచో క్రిస్మసు బేరములకు దినములు చాలవని వర్తకులు మొఱపెట్టగా, రూజ్వెల్టు పండుగను ఒక వారము ముందునకు జరిపెను. ఇంకేమున్నది! సగము రాష్ట్రములు అధ్యక్షుని గురువారమును, సగము పాత గురువారమును పాటించినవి. టెక్సాసు వంటివి రెండును చేసికొన్నవి. రెండు పంచాంగములు రెండు తిథులు చెప్పినపుడు మన యూళ్ళలో ఎవరింట ఎప్పుడు పండుగయో తెలియక అల్లుళ్ళు పడు పాట్లు మన మెఱుగని వారమా? కడకు 1941లో చట్టము చేసి నాలుగవ గురువారమని నిర్ణయించిరి. అధ్యక్షుడు సైన్యమును నడపగలడు గాని, వంటింటి పండుగను జరుపలేడని ఆ దేశము ఆయనకు నేర్పినది. కుక్ అప్పుడు న్యూయార్కుననే యుండెను.

ఇక ఆయన తప్పిన ఘట్టమును చెప్పవలెను. పండితుడు సభలో తప్పిన చోటును దాచి చరిత్ర చెప్పుట న్యాయము కాదు.

1948వ సంవత్సరపు అధ్యక్ష ఎన్నిక. రూజ్వెల్టు 1945 ఏప్రిలులో గతింపగా, ఉపాధ్యక్షుడైన ట్రూమన్ ఆ పీఠ మెక్కియుండెను. ఆయన మిస్సోరి రాష్ట్రపు రైతుబిడ్డ, యౌవనమున బట్టల దుకాణము పెట్టి నష్టపోయినవాడు, వాగ్ధాటి లేదు. ప్రత్యర్థి న్యూయార్కు గవర్నరు డ్యూయీ. చక్కని గొంతు, నలగని కోటు. అదిగాక ట్రూమన్ పక్షమే మూడు ముక్కలైనది. నల్లవారి హక్కుల మాట యెత్తినాడని దక్షిణాదివారు కొందఱు అలిగి థర్మండును నిలిపిరి. వామపక్షపు వారు వాలేసును నిలిపిరి. అభిప్రాయములు సేకరించు సంస్థలు డ్యూయీ గెలుపు నిశ్చయమని చెప్పి, ఇక లెక్క యనవసరమని పోలింగునకు ముందే చేతులు ముడుచుకొన్నవి. కుక్ అప్పటికి మాంచెస్టరు గార్డియన్ పత్రికకు విలేఖరి. ఎన్నికకు ముందు ఆ పత్రికలో ట్రూమనుపై వ్యాసము వ్రాయుచు, శీర్షికలోనే ఆయనను పరాజయమునకు నిదర్శనముగా పేర్కొనెను. ఓట్లు పడకముందే చరమశ్లోకము!

ఆ సమయమున ట్రూమన్ ఏమి చేయుచుండెను? రైలెక్కి వేలకొలది మైళ్ళు తిరుగుచుండెను. చిన్న చిన్న స్టేషనులలో రైలు నిలిపి, వెనుక పెట్టె గుమ్మమున నిలిచి, కాగితము లేక మాటలాడుచుండెను. ఆ యేడు మొక్కజొన్న విరుగబండినది, ధర పడిపోయినది. ప్రభుత్వము మద్దతు ధర యిచ్చును గాని, ధాన్యమును సరియైన కొట్టులో నిలువ చేసినవారికే యిచ్చును. కొట్టులు చాలవు. ప్రభుత్వసంస్థ క్రొత్త కొట్టులను సంపాదింపకుండ ప్రతిపక్షపు కాంగ్రెసు ఆ సంవత్సరముననే చట్టము చేసియున్నది. ఈ సంగతిని ట్రూమన్ రైతులకు విప్పి చెప్పెను. కల్లమున పంట కుప్పపోసి, పెట్టుటకు చోటు లేక ఆకాశము వంక చూచిన రైతునకు ఈ మాట ఎంత లోతుగా దిగునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

డ్యూయీ సైతము రైలులో తిరిగెను. ఇల్లినాయి రాష్ట్రమున ఒక చోట రైలు నిలిచియుండగా, ఆయన మాటలాడబోవునంతలో బండి జనుల వైపునకు కొన్ని అడుగులు వెనుకకు జరిగెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని డ్యూయీ నోరుజారి, ఆ డ్రైవరును తెల్లవాఱుజామున కాల్చివేయవలసినదే గాని, ఎవరికిని హాని కలుగలేదు గనుక విడిచెదమని యనెను. హాస్యమే కావచ్చును. కాని దేశమందలి రైలు కార్మికులందఱు దానిని తమకు తగిలిన మాటగా తీసికొనిరి. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనరాదని మన పెద్దలన్నది సముద్రము దాటినను నిజమే.

నవంబరు 2వ తేదీ రాత్రి షికాగోలోని ఒక గొప్ప పత్రిక డ్యూయీ గెలిచెనని పెద్దయక్షరములతో అచ్చువేసినది. మఱునాడు తేలిన లెక్క: ట్రూమన్ 303, డ్యూయీ 189, థర్మండు 39. ఈ యంకెలు ప్రజల ఓట్లు కావు. రాష్ట్రముల తరఫున అధ్యక్షుని నెన్నుకొను నియోజితుల ఓట్లు. అచట ప్రజలు నేరుగా అధ్యక్షుని నెన్నుకొనరు. ఒహాయో, అయోవా, విస్కాన్సిను అను వ్యవసాయరాష్ట్రములు 1944లో డ్యూయీకి దక్కినవే. ఈమాఱు ట్రూమనుకు వచ్చినవి. సెయింట్ లూయీ స్టేషనులో ట్రూమన్ ఆ షికాగో పత్రికను రెండు చేతుల పైకెత్తి పట్టుకొని నవ్వుచున్న చిత్రము నేటికిని పాఠ్యపుస్తకములలో నున్నది.

కుక్ ఈ పరాభవమును దాచుకొనలేదు. తరువాతి కాలమున తన మీద తానే నవ్వుకొనుచు చెప్పెడివాడు. నాకు మాత్రము ఇందు నవ్వు కంటె హెచ్చైన దొకటి కనబడును. ఖండమంతయు కారులో తిరిగినవాడు, 1942లో యుద్ధకాలమున గూడ ఊరూర తిరిగి సామాన్యులను పలుకరించినవాడు, ఆ యొక్క శరత్కాలమున నగరపు విలేఖరుల మాట విని కూర్చుండెను. కోడలు వంటయిల్లు విడిచి చావడిలో కూర్చున్నచో పొయ్యిమీది సంగతి ఆమెకు మాత్ర మెట్లు తెలియును?

ఇరువదియేండ్ల తరువాత, 1968 జూన్ 5వ తేదీ నడిరాత్రి దాటిన పిదప, ఆయన లాస్ ఏంజలిసులో అంబాసిడర్ హోటలున నుండెను. రాబర్టు కెన్నెడీ ఆ రాష్ట్రపు ప్రాథమిక పోటీలో గెలిచి, ప్రసంగించి, వంటశాల గుండ పోవుచుండగా ఒకడు తుపాకితో కాల్చెను. కుక్ ఆ ప్రక్కగదిలోనే యుండి, ఆ గందరగోళమును, నేలకొరగిన మనుష్యులను కన్నులార చూచెను. మఱునాడు రాబర్టు కెన్నెడీ ప్రాణము విడిచెను. అప్పుడు దేశమంతయు, ఈ పాపము మనయందఱిదియు నని గుండెలు బాదుకొనుచున్నది. కుక్ తన లేఖలో ఆ మాటను ఒప్పుకొనలేదు. కాల్చినవాడొకడు, కోట్లమందిని దోషులనుట ఆలోచింపక పలుకు మాట యని ఆయన కోపముతోనే చెప్పెను. నవ్వుచు మాటలాడు మనిషికి కోపము వచ్చిన ఆ లేఖ ఎన్నదగినది. అందఱిది నేరమన్నచో ఎవ్వరిదియు గాకపోవును. పాఠశాలలో కిటికీ అద్దము పగిలినపుడు తరగతి యంతటిని నిలువబెట్టిన ఉపాధ్యాయునకు నిజమెన్నడును తెలియదు. ఇది నా యనుభవము.

1974 సెప్టెంబరులో, అమెరికా తొలి మహాసభ జరిగి 200 ఏండ్లైన సందర్భమున, ఆ దేశపు కాంగ్రెసు కుక్కును పిలిచి తన సభ్యుల యెదుట ప్రసంగింపజేసినది. అప్పటికి నిక్సన్ రాజీనామా యిచ్చి ఏడు వారములు గూడ నిండలేదు. కుక్ లేచి, తానేదో పీడకలలో నున్నట్లును, అధ్యక్షపదవికి మీరు చేసిన నియామకమును స్వీకరించుచున్నానని పలుకబోవుచున్నట్లును చమత్కరించెను. పరదేశమున బుట్టినవాడు అధ్యక్షుడు కారాదని వారి రాజ్యాంగము. కోడలికి తాళపుచెవులిచ్చినను ఇంటిపేరు పుట్టుకతో రాదని ఆయనకును తెలియును, వారికిని తెలియును. కనుకనే సభ నవ్వినది.

ఇప్పుడు నేను ముందు వాయిదా వేసిన మాట. కుక్ హార్వర్డున భాషాచరిత్ర చదువుచుండిన 1933-34లో, అదే విశ్వవిద్యాలయపు వైద్యశాఖలో భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన చేయుచుండిరి. రక్తమున భాస్వరమును కొలుచు విధానమును ఫిస్కెతో కలిసి ఆయన 1925లోనే ప్రకటించియుండెను. చదువుకొను దినములలో పొట్టకొఱకు ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పనిచేసిన మహానుభావుడాయన. 1940లో లెడర్లీ సంస్థకు బోయి, ఎన్నో ఔషధముల వెనుక నిలిచి, 1948 ఆగష్టులో, ట్రూమన్ ఎన్నికకు మూడు నెలల ముందు, మరణించెను. ఆయన పనిచేసిన పెర్ల్ రివర్ న్యూయార్కు నగరమునకు ఉత్తరమున కొద్ది దూరముననే కలదు. నేను విన్న లేఖలలో ఆయన పేరు రాలేదు.

కుక్కునకు తొమ్మిదేండ్లలో పౌరసత్వము దొరకినది. సుబ్బారావుగారు ఇరువదియేండ్లకు పైగా నుండియు పరదేశిగానే చనిపోయిరి. కారణము చట్టమున నున్నది. భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీ మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యముననే పనిచేసినవాడు. ఆయన తెల్లవాడు కాడు గనుక పౌరుడు కారాదని అచటి సర్వోన్నత న్యాయస్థానము 1923లో తీర్పు చెప్పెను. తుపాకి మోయుటకు పనికివచ్చిన భుజము ఓటు వేయుటకు పనికిరాలేదు. భారతీయులకు పౌరసత్వపు తలుపు తెఱచిన చట్టముపై ట్రూమన్ 1946 జూలై 2వ తేదీన సంతకము చేసెను. అదియు ఎంత? ఏడాదికి నూర్గురు మాత్రమే రావచ్చును. అనగా కుక్ మొదటి లేఖ చదివి నూఱుదినములు నిండిన పిదప గాని మనవానికి ఆ గడపపై కాలుపెట్టు హక్కు కలుగలేదు. 1956లో దలీప్‌సింగ్ సౌంద్ అను పంజాబీ కాలిఫోర్నియానుండి కాంగ్రెసునకు ఎన్నికయ్యెను. 1965 చట్టము తరువాతనే మన తెలుగు వైద్యులు, ఇంజనీరులు గుంపులుగా పోయిరి.

దీనిని నేను కుక్ దోషముగా చెప్పుటలేదు. ఆయన భాష ఆ యింటి భాష, ఆయన రంగు ఆ యింటి రంగు. ఎదురేగి హారతి పట్టిన కోడలు తలుపు సందున చేయి నలిగిన దాని బాధను లేఖలో వ్రాయలేదు. ఆ లేఖ వ్రాయవలసినవారు వేఱు. సుబ్బారావుగారు ప్రయోగశాల విడిచి రేడియోకు పోవు స్వభావము కలవారు కారు. అందుచే 1946 నాటి అమెరికాకు సంబంధించిన మన లేఖ లోకము వినలేదు. కుక్ లేఖలు వినుచు నేనెంత నవ్వుకొన్నను, ఈ లోటు నా మనస్సున ముల్లువలె మెదలుచునే యుండెడిది.

2000వ సంవత్సరపు ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రమున 537 ఓట్ల తేడా మీద దేశమంతయు ముప్పదియాఱు దినములు వ్రేలాడుచుండగా, చిల్లుపడని ఓటుకాగితములను దీపమునకెత్తి చూచుచున్న అధికారులను గూర్చి లోకమంతయు నవ్వుచుండగా, కుక్కునకు తొంబదిరెండేండ్లు. అప్పుడును లేఖ తప్పలేదు. 2001 సెప్టెంబరున న్యూయార్కు గోపురములు కూలినపుడును తప్పలేదు. 2004 ఫిబ్రవరి 20వ తేదీతో లేఖలు ఆగినవి. వైద్యుల మాటపై విరమించుచున్నట్లు మార్చి 2వ తేదీన ప్రకటన వెలువడెను. అదే నెల 30వ తేదీన న్యూయార్కున తన యింటనే కన్నుమూసెను. ఆయన చితాభస్మమును తన కిటికీనుండి నిత్యము చూచిన సెంట్రల్ పార్కు తోటలో చల్లిరి.

ఆ వార్త నేను విన్ననాటికి మా యెదురింటి రైతు లేడు. ఆయన మనుమరాలు, నాయొద్ద అక్షరములు దిద్దినదియే, నేడు న్యూజెర్సీలో కాపురమున్నది. ఆ దేశపు పౌరురాలు గూడ నైనది. వారాంతమున తల్లితో మాటలాడి, పిదప నన్ను పిలువుమనును. “ఏమమ్మా, ఈ వారం ఏమిటి విశేషం?” అని నేనడుగుదును. “మంచు మోకాటి దాకా పడింది మాస్టారూ” అని మొదలుపెట్టును. చారు తాలింపు వేయగా ఇంటికప్పున నున్న పొగగంట కొట్టుకొని పొరుగువారు పరుగెత్తుకొనివచ్చిన కథ చెప్పును. మంగళవారమున పనికి పోవుచు త్రోవలో దిగి, వరుసలో నిలిచి ఓటు వేసినదానిని చెప్పును. వరుసలో ముందున్న ముసలాయన ఆమెను చూచి, మీది ఏ దేశమని యడిగెనట.

“ఏమి చెప్పినావు?” అంటిని.

“మా తాతగారి ఊరు పేరు చెప్పాను మాస్టారూ. ఆయనకి పలకడం రాలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు.”